గేరు మార్చని గేరుబాక్సు

2004 మోడల్ టయోటా ప్రియస్ గేరుబాక్సు విప్పి బల్ల మీద పరిస్తే, మెకానిక్ అలవాటుగా వెతికే సామాన్లు సగం కనపడవు. క్లచ్ లేదు. టార్క్ కన్వర్టర్ లేదు. ఫస్టు, సెకండు అంటూ గేర్ల వరస లేదు, రివర్స్ గేరు కూడా లేదు. ఇంజన్ వైపు చూస్తే స్టార్టర్ మోటారూ ఆల్టర్నేటరూ మాయం. వీటన్నిటి పనీ రెండు విద్యుత్ మోటార్లు, ఒక చిన్న ప్లానెటరీ గేరు సెట్టు కలిసి చేస్తాయి. హైబ్రిడ్‌కీ ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కీ తేడా ఏమిటని అడిగితే అందరూ చార్జింగ్ సాకెట్టు చూపిస్తారు. నేనైతే ముందు ఈ గేరు సెట్టు చూడమంటాను.

నడుమ సన్ గేరు, దానికి 30 పళ్లు. బయట లోపలివైపు పళ్లున్న రింగ్ గేరు, దానికి 78. రెంటికీ మధ్య తిరిగే చిన్న ప్లానెట్ గేర్లు, వాటన్నిటినీ పట్టి ఉంచే క్యారియర్. ఇంజన్‌ని క్యారియర్‌కి కలిపారు. మొదటి మోటారుని సన్ గేరుకి, రెండో మోటారునీ చక్రాలనీ రింగ్ గేరుకి. అంతే. ఇంజన్ తిప్పే బలం ఎప్పుడూ 30కి 78 చొప్పున చీలిపోతుంది, అంటే సుమారు 28 శాతం మొదటి మోటారుకి, 72 శాతం చక్రాల వైపుకి. పళ్లు ఒకసారి కోశాక ఆ వాటాలు మారవు. మారేవి వేగాలే. మొదటి మోటారు వేగాన్ని కంప్యూటరు పెంచుతూ తగ్గిస్తూ ఉంటే, ఇంజన్ తనకు నచ్చిన ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది, చక్రాలు రోడ్డు అడిగిన వేగంతో తిరుగుతాయి. ఒక గేరు విడిపోయి ఇంకోటి పడటం అనేదే ఉండదు. పళ్లన్నీ ఎప్పుడూ పట్టుకునే ఉంటాయి. ఇంజన్ స్టార్ట్ చేయాలంటే మొదటి మోటారే తిప్పుతుంది. వెనక్కి పోవాలంటే రెండో మోటారు ఎదురు తిరుగుతుంది.

ఇంత సులువుగా చెప్పేశాను గానీ, టయోటా ఇంజనీరు తకేషి ఉచియమడ బృందం తయారుచేసిన తొలి నమూనా బండి 49 రోజుల పాటు కదలనే లేదని టయోటాయే చెప్పుకుంది. తొలి ప్రియస్ 1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. గేర్ల కంటే వాటిని ఆడించే కంప్యూటరు ప్రోగ్రామే కష్టం మరి.

మన 2004 ప్రియస్ ఇంజన్‌లో కూడా ఓ పనితనం ఉంది. పిస్టన్ పైకి లేవడం మొదలైనా ఇన్‌టేక్ వాల్వు కాసేపు తెరిచే ఉంటుంది. పీల్చిన దాంట్లో కొంత వెనక్కి పోతుంది. అందుచేత కుదింపు తక్కువ, మండిన తర్వాత వ్యాకోచం మాత్రం పూర్తిగా 13 రెట్లు. పొగ బయటికి పోయేలోగా దాని చేత చేయించగలిగినంత పని చేయిస్తారు. అట్కిన్సన్ పద్ధతి అంటారు దీన్ని. ఇలాంటి ఇంజన్‌కి అడుగు వేగాల్లో లాగే శక్తి తక్కువ, ఒంటరిగా వదిలితే ఘాట్ రోడ్డు మీద ముక్కుతుంది. సరిగ్గా ఆ వేగాల్లోనే విద్యుత్ మోటారుకి బలం ఎక్కువ. ఒకరి లోటు ఇంకొకరికి తెలిసి చేసిన జోడీ ఇది.

ఇక బ్యాటరీ. ఆ ప్రియస్‌లో 168 నికెల్ సెల్స్, మొత్తం 1.3 కిలోవాట్ అవర్లు. పెట్రోలు లెక్కలో చూస్తే 150 మిల్లీలీటర్లకి మించదు. అందులోనూ నిండుగా నింపరు, అడుగంటా వాడరు, మధ్య భాగాన్నే వాడుకుంటారు. ఏళ్ల తరబడి మన్నింది అందుకే. బ్రేకు వేసినప్పుడు వృథా పోయేదాన్ని పట్టి, బండి కదిలేటప్పుడు తిరిగి ఇవ్వడం దాని ఉద్యోగం. మన రోడ్ల మీది హైరైడర్, గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ స్ట్రాంగ్ హైబ్రిడ్లదీ ఇదే దారి. షోరూములో 'దానంతటదే చార్జ్ అవుతుంది సార్' అంటారు. నిజమే, కాకపోతే ఆ చార్జింగు ఖర్చు పెట్రోలు బంకులో మనం కట్టేసిందే.

మరి దీన్ని ప్లగ్-ఇన్ చేయాలంటే పెద్ద బ్యాటరీ పెట్టి సాకెట్టు తగిలిస్తే చాలదా? 2012లో వచ్చిన ప్లగ్-ఇన్ ప్రియస్ దాదాపు అలాంటిదే, 4.4 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో. చిక్కు ఎక్కడంటే, ఇంజన్ ఆపి కరెంటు మీద పోతున్నప్పుడు తోసేది రెండో మోటారు ఒక్కటే. మొదటిది రింగ్ గేరుకి 2.6 రెట్ల వేగంతో వెనక్కి ఊరికే తిరుగుతుంటుంది. దాన్నీ పనిలో పెడదామంటే కుదరదు. అది సన్ గేరుని నెట్టగానే ఆసరా లేని క్యారియర్ వెనక్కి జారుతుంది, దానితోపాటు ఇంజనూ వెనక్కి తిరుగుతుంది.

2016లో బయటికొచ్చిన తరువాతి ప్లగ్-ఇన్‌లో ఈ చిక్కుకి విరుగుడుగా ఒక వన్-వే క్లచ్ చేర్చారు. సైకిల్ ఫ్రీవీల్ లాంటిదే, ఒకవైపే తిరగనిస్తుంది. ఇప్పుడు క్యారియర్ వెనక్కి పోలేదు. మొదటి మోటారు సన్ గేరుని వెనక్కి తోస్తే, కదలని క్యారియర్‌ని ఆసరా చేసుకుని ప్లానెట్ గేర్లు రింగుని ముందుకు తిప్పుతాయి. అంతవరకూ ఊరికే తిరిగిన మోటారు బండిని లాగడం మొదలెడుతుంది. కొత్త మోటారు లేదు, కొత్త గేరు లేదు. ఇంజన్ స్టార్ట్ అయితే ఆ క్లచ్ అడ్డు చెప్పదు, అంతా పాత హైబ్రిడ్డే. ఈ మార్పు గీసిన ఇంజనీరుకి దండం పెట్టాలనిపిస్తుంది.

బ్యాటరీ అప్పుడు 8.8 కిలోవాట్ అవర్లు, 2023 మోడల్‌కి 13.6. అమెరికా అధికారిక లెక్కలో దానితో సుమారు 70 కిలోమీటర్లు పెట్రోలు చుక్క లేకుండా పోవచ్చు. మామూలు ప్రియస్ కంటే వంద కిలోలకు పైగా బరువు మాత్రం ఎప్పుడూ మోయాల్సిందే. ఆ కారే మన దగ్గర ఉండి, హైదరాబాదు నుంచి బెజవాడ బయల్దేరిందనుకోండి. చిట్యాల ప్రాంతానికి వచ్చేసరికి ఇంట్లో ఎక్కించిన కరెంటు దాదాపు అయిపోతుంది. మిగిలిన 200 కిలోమీటర్లూ అది కాస్త బరువైన మామూలు హైబ్రిడ్.

రోజూ ప్లగ్ పెట్టే ఓపిక లేకపోతే ఏమవుతుందో యూరప్‌లో తేలింది. ప్లగ్-ఇన్ కార్ల నిజమైన ఉద్గారాలు ల్యాబ్ అంకెల కంటే సగటున 3.5 రెట్లు ఉన్నాయని యూరోపియన్ కమిషన్ 2024లో బయటపెట్టింది. అనుకున్నంతగా చార్జ్ చేయకపోవడమే ప్రధాన కారణమంది. ఇది గేర్ల తప్పు కాదు. మన దేశంలో ఇప్పటివరకూ వోల్వో ఎక్స్‌సీ90 టీ8, బీఎండబ్ల్యూ ఎక్స్‌ఎం లాంటి ఖరీదైన బళ్లలోనే ఎక్కువగా ప్లగ్-ఇన్ వచ్చింది. సొంత ఇల్లు, పోర్టికోలో మీటరు, రోజుకి యాభై అరవై కిలోమీటర్ల ఆఫీసు ప్రయాణం ఉన్నవాళ్లకి అది నప్పుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లారులో ప్లగ్ పాయింటు కోసం అసోసియేషన్‌తో తగువు పడుతున్నవాళ్లకి మామూలు హైబ్రిడ్డే మేలు.