మాదకద్రవ్య పరీక్ష: చికిత్సకా, శిక్షకా?

1. ఉపోద్ఘాతం

మత్తుమందులకు బానిసలైన నిందితులకు జైలు బదులు న్యాయమూర్తి పర్యవేక్షణలో చికిత్స అందించే ప్రత్యేక న్యాయస్థానం 1989లో అమెరికాలోని మయామీలో మొదలైంది. ఇటువంటి న్యాయస్థానాలకు పది మౌలికాంశాలను నిర్దేశించే పత్రాన్ని అమెరికా న్యాయశాఖ 1997లో ప్రచురించింది. పరీక్షల విషయంలో ఆ పత్రంలోని అంతర్వైరుధ్యాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. పత్ర విశ్లేషణ

తరచుగా పరీక్షలు జరిపి మత్తుకు దూరంగా ఉన్నదీ లేనిదీ గమనించాలన్నది ఐదవ అంశం. నడవడినిబట్టి న్యాయస్థానం స్పందించాలన్నది ఆరవది. మత్తుకు బానిస కావడం దీర్ఘకాలికమైన, తిరగబెట్టే స్థితి అని ఆరవ అంశమే ఒప్పుకుంటుంది. క్రమంగా పెరిగే జైలు నిర్బంధాన్నీ ఆంక్షల్లో చేరుస్తుంది. అంటే, రోగలక్షణంగా గుర్తించినదే శిక్షకు కారణం కావచ్చు.

నమూనాలో మోసం జరగకుండా పత్రం జాగ్రత్తలు చెప్పింది. అయితే నమూనా నిజమైనదైనంత మాత్రాన ఫలితానికి అర్థం ఒక్కటే కాదు. ప్రాథమిక పరీక్ష ఇతర ఔషధాలకూ స్పందించవచ్చు. గసగసాలు తిన్నవారి మూత్రంలో మార్ఫిన్ నిజంగానే కనబడవచ్చు. నిర్ధారణ పరీక్ష దాని ఉనికిని చెబుతుంది తప్ప తిన్నవారి ఉద్దేశాన్ని చెప్పదు. చాలాకాలం గంజాయి వాడినవారిలో మానేసిన కొన్ని వారాల తరువాత కూడా దాని ఆనవాళ్ళు ఉండవచ్చు.

పరీక్ష లేకపోతే చికిత్స మాటలకే పరిమితమవుతుందన్న వాదనను తోసిపుచ్చలేం. కానీ ఫలితం జైలుకు దారితీస్తుందని తెలిసిన రోగి వైద్యునికి నిజం చెప్పడు. పైగా నిర్బంధంలో హెరాయిన్ వంటివాటిని తట్టుకునే శక్తి తగ్గి, విడుదలయ్యాక పాత మోతాదే ప్రాణం తీయవచ్చు.

3. ముగింపు

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, స్వల్ప పరిమాణపు కేసుల్లో దోషిగా తేలిన వ్యసనపరుణ్ణి అతని సమ్మతితో చికిత్సకు పంపవచ్చు. ఏడాదిలోపు చికిత్సా ఫలితంపై నివేదికను అతడు కోర్టుకు సమర్పించాలి. తెలుగులో ‘వ్యసనం’ సప్తవ్యసనాల దోషాన్నీ, నేటి వైద్యం చెప్పే రోగాన్నీ ఒకే మాటలో మోస్తోంది. నివేదికను చదివేవారు ఈ రెంటినీ వేరుచేయాలి. ఆంక్షకు ముందు నిర్ధారణ పరీక్ష, ఆపై వైద్యుని వ్యాఖ్యానం తప్పనిసరి కావాలి. తిరగబెట్టిన రోగానికి మొదటి స్పందన చికిత్సలో మార్పే కావాలి, జైలు కారాదు.