ఉస్మానియా ఉర్దూ ఎవరిది?

ఇస్లాం ఒక దిక్కు, ఆధునికత ఒక దిక్కు. పడమటి పండితులు చాలాకాలం మనల్ని ఇట్లాగే చూశారు. మలయ్ జనాన్ని సోమరులని తెల్లదొరలు రాసుకున్నది వట్టి కట్టుకథని చెప్పడానికి సయ్యద్ హుసేన్ అలాతాస్ 1977లో ఏకంగా ఒక పుస్తకమే రాయాల్సి వచ్చింది. హైదరాబాదు విషయంలో అట్లాంటి పని కవితా దాట్ల చేశారు. 2013లో అమెరికాలో అచ్చయిన 'ది లాంగ్వేజ్ ఆఫ్ సెక్యులర్ ఇస్లాం'లో ఉస్మానియాను నిజాం సరదాగా కాక, ఉర్దూను కొత్త చదువుల భాషగా మలచిన ప్రయత్నంగా చూపారు. 1917లో పెట్టిన దారుల్ తర్జుమా సైన్సునూ చరిత్రనూ ఉర్దూలోకి తెచ్చింది. ఆధునికులు కావడానికి ఇంగ్లీషు కలిమా చదవనక్కర్లేదన్నమాట.

బాగుంది. కానీ ఆమె దృష్టి ఎక్కువగా విద్యావంతుల మీదే నిలిచింది. మా సిద్దిపేటకు ఆ ఉర్దూ కచేరీ కాగితమై వచ్చింది. తెలుగు పిల్లలకు అడ్డుగోడైంది. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల సాయిబుకు మాత్రం అది దక్కిందా? మేం మాట్లాడే దక్కనీ ఆ చదువుల ఉర్దూకు మోటుగానే వినబడింది. పాత మెదక్ జిల్లా ఆందోలులో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ ఉస్మానియాలో ఎమ్మే చదివి కమ్యూనిస్టయ్యాడు. ఇస్లాం, ఆధునికత అని గీసిన రెండు గడుల్లో అతన్ని ఎందులో కూర్చోబెడతారు?

1948 తర్వాత ఉస్మానియాలో బోధన నుంచి ఉర్దూను తప్పించి ఇంగ్లీషును కూర్చోబెట్టారు. తెలుగును కాదు.