వానకు వెరవని డబ్బా

పండగ రాత్రి చార్మినార్ దగ్గర నిలబడ్డవాళ్ల చూపంతా పైనే ఉంటుంది. చార్ కమాన్ వైపు పరుగెత్తే పచ్చరంగు మెరుపులు, గల్లీ మొదట్లో కట్టిన లైటింగు గేట్లు, లాల్ దర్వాజా సింహవాహిని గుడి బాటలో అమ్మవారి కటౌటు చుట్టూ తిరిగే చక్రాలు. ఇదంతా ఆడించేది ఎక్కడుందని అడిగేవాడు వెయ్యిమందిలో ఒకడుండడు. గేటు వెనక కర్రకు బిగించి ఉంటుందది. బూడిదరంగు డబ్బా. లోపల కంట్రోలరు, కరెంటును 12 వోల్టులకు దించే ఎస్‌ఎంపీఎస్, నాలుగు ఫ్యూజులు. చెంచాడు వాననీరు అందులోకి దిగిందా, గేటు గేటంతా చీకటే.

ఆ డబ్బా కట్టడం ఒక విద్య. పాతబస్తీ లైటింగు ఉస్తాదుల్లో మంచి చెయ్యి ఉన్నవాళ్లు కట్టిన డబ్బా మూత తీసి చూస్తే ముచ్చటేస్తుంది. ఆ ముచ్చట చూడాలనే కోరిక లైటింగు పెట్టించే కమిటీలకే లేకపోవడం మన దౌర్భాగ్యం.

పండగ లైటింగు అనగానే దేశమంతా పశ్చిమ బెంగాల్‌లోని చందన్‌నగర్ పేరు చెబుతుంది. చెప్పాల్సిందే. ఒకప్పటి ఆ ఫ్రెంచి పట్టణంలో శ్రీధర్ దాస్ చిన్న బల్బులతో బొమ్మల్ని కదిలించి చూపించాక, అక్కడ లైటింగు ఒక పెద్ద పరిశ్రమే అయింది. అయితే చందన్‌నగర్ జగద్ధాత్రి పూజ వచ్చేది కార్తీకంలో. అప్పటికి వానల జోరు తగ్గుతుంది. మన పాతబస్తీకి ఆ వెసులుబాటు ఏదీ? ఆషాఢంలో బోనాలు, భాద్రపదంలో గణపతి, రెండూ నడివానలోనే. దానికి తోడు ప్రవక్త జయంతి మిలాద్. ఏటా పదకొండు రోజులు ముందుగా వచ్చే ఆ పండగ 2023లో సరిగ్గా గణేశ్ నిమజ్జనం నాడే, సెప్టెంబరు 28న పడింది. మిలాద్ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. 2025లోనూ అంతే, నిమజ్జనం సెప్టెంబరు 6న అయితే మిలాద్ ఊరేగింపు 14న తీశారు. ఇంకొన్నేళ్లు మిలాద్ వానాకాలం గడప దాటదు. బొమ్మ గీయడంలో చందన్‌నగర్‌దే పైచేయి అయితే కావచ్చు, డబ్బా కట్టడంలో మాత్రం పాతబస్తీదే పైచేయి. ఈ పక్షపాతానికి మొహమాటపడాల్సిన పనిలేదు.

పాత సంగతులు రెండు ముక్కల్లో చెప్పుకుంటే చాలు. 1920లో హుసేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం వచ్చింది, ఆ తర్వాత ఎప్పటికో సీరియల్ సెట్లు వచ్చాయి. 230 వోల్టుల కరెంటుకు ఆరు వోల్టుల బల్బులు ముప్పై ఎనిమిది దాకా వరసగా కట్టేవారు, ఒకటి మాడితే దండంతా ఆరిపోయేది. వెలుగు కదలాలంటే రోలరు ఉండాలి. చెక్క రోలరు మీద రాగిరేకులు కొట్టి చిన్న మోటారుతో తిప్పుతుంటే, ఆ రేకులు పత్తీలకు తగిలినప్పుడల్లా ఒక్కో లైను వెలిగి ఆరేది. టకటకమని చప్పుడు, నీలం రవ్వలు. తడిస్తే గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి, సాయంత్రానికి మళ్లీ తిప్పేవారు. మొరటు సరుకే గానీ, గట్టి సరుకు.

ఇప్పుడంతా పిక్సెల్. ప్రతి ఎల్‌ఈడీకీ డబ్ల్యూఎస్2811 వంటి చిప్పు తోడుంటుంది. కంట్రోలరు ఎస్‌డీ కార్డులోని బొమ్మ చదివి, సెకనుకు 8 లక్షల బిట్ల వేగంతో ఏ బల్బు ఏ రంగులో వెలగాలో వరసగా చెప్పుకుంటూ పోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే టీ1000ఎస్ రకం ఒక్కటీ 2048 పిక్సెళ్ల దాకా ఆడిస్తుంది. చిక్కల్లా సిగ్నలు దగ్గరే. కంట్రోలరు నుంచి మొదటి పిక్సెల్‌కు మధ్య నాలుగైదు మీటర్లు దాటితే సిగ్నలు తడబడి, రంగులు పిచ్చిపిచ్చిగా మెరుస్తాయి. కరెంటుదీ అదే తంతు. 12 వోల్టులు దూరం వెళ్లేకొద్దీ వైరులోనే నీరసించి, చివరి బల్బుల్లో తెలుపు కాస్తా ఎర్రబారుతుంది. కాబట్టి డబ్బాను దుకాణం లోపల పదిలంగా పెట్టి పైకి వైరు లాగుదామంటే కుదరదు. అది గేటు మీదే, బల్బుల పక్కనే, వానలోనే ఉండి తీరాలి.

మంచి డబ్బాలో మొదట కనబడేది, కనబడనిదే. పైన ఒక్క బెజ్జం ఉండదు, పక్కల్లోనూ ఉండదు. వచ్చే వైరూ పోయే వైరూ అన్నీ అడుగు నుంచే. ప్రతి వైరుకూ దాని లావుకు సరిపడా, నీరు దూరకుండా బిగించే గ్లాండు ఉంటుంది, ఒక గ్లాండులో రెండు వైర్లు దూర్చడం ఉస్తాదుల దృష్టిలో తప్పు. డబ్బాలోకి ఎక్కే ముందు వైరు ఒక జానెడు కిందికి వేలాడి, వంపు తిరిగి పైకి వస్తుంది. వైరు వెంబడి జారిన నీళ్లు ఆ వంపు అడుగునే చుక్కలు చుక్కలుగా రాలిపోతాయి. మూత చుట్టూ రబ్బరు గ్యాస్కెట్. నాలుగు స్క్రూలనూ మూలకు మూల ఎదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తారు. ఒక వైపు ముందే బిగిస్తే రెండో వైపు గ్యాస్కెట్ లేచి నిలబడుతుంది. లోపల ఎస్‌ఎంపీఎస్ అడుగుకు ఆనకుండా దిమ్మెల మీద ఉంటుంది. ఒక్కో లైనుకు ఒక్కో ఫ్యూజు. మూత లోపలివైపు ఏ లైను ఏ బొమ్మకు పోతుందో మార్కరుతో రాసి ఉంటే, కట్టినవాడు మరింత పెద్ద ఉస్తాదని అర్థం. అర్ధరాత్రి వానలో నిచ్చెనెక్కిన కుర్రాడికి ఆ రాతే దిక్కు.

ఇంకా లోతైన పనితనం వేడి దగ్గర బయటపడుతుంది. 12 వోల్టుల, 33 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ అంటే 400 వాట్లు. పూర్తి లోడు మీద దానికి తోడు అరవై డెబ్బై వాట్లు వేడిగానే పోతాయి. నీరు రాకూడదని దమ్ బిర్యానీ గిన్నెకు పిండి పెట్టినట్టు చుట్టూ సిలికాన్ పూస్తే, లోపలి సరుకు ఉడికిపోతుంది. వేడెక్కిన డబ్బా మీద హఠాత్తుగా వాన పడితే లోపలి గాలి ముడుచుకుని, ఎక్కడ సందుంటే అక్కడి నుంచి తేమను లాగుతుంది. సందు లేకపోతే వైరు లోపలి రాగి పోగుల మధ్య నుంచైనా లాగుతుంది. అందుకే తెలిసినవాళ్లు డబ్బాను అవసరానికి రెట్టింపు పెద్దది తీసుకుంటారు. ఎస్‌ఎంపీఎస్ మీద మూడొంతుల లోడే వేస్తారు. అడుగున ఒక మూల చిన్న బెజ్జం వదిలి, పురుగు దూరకుండా జాలీ అంటిస్తారు. వానకు పనికొచ్చే డబ్బాకు కావాలని బెజ్జం పెట్టడమేమిటని కొత్తవాళ్లు నవ్వుతారు. ఒక వానాకాలం గడిచాక నవ్వరు. సిలికాన్‌లోనూ తేడా ఉంది. వెనిగర్ వాసన కొట్టే రకం రాగిని తినేస్తుంది, కాబట్టి న్యూట్రల్ రకమే వాడాలి.

అమెరికాలో క్రిస్మస్ లైట్లకూ ఈ డబ్బా తలనొప్పి ఉంది. ఒహాయో రాష్ట్రంలో కార్సన్ విలియమ్స్ అనే ఇంజినీరు 16,000 బల్బులతో, 88 చానళ్లతో తన ఇంటిని పాటకు తగ్గట్టు ఆడించిన వీడియో 2005లో ప్రపంచమంతా తిరిగింది. అక్కడి అభిమానులు టెలిఫోన్ కంపెనీలు గోడలకు బిగించే ప్లాస్టిక్ పెట్టెలు తెచ్చి, వాటిలో కంట్రోలర్లు అమర్చుకుంటారు. మంచి ఉపాయమే. అయితే మన దగ్గర గేటు పది రోజులు ఒక గల్లీలో ఉండి, పదకొండో రోజు ట్రాలీ ఎక్కి ఇంకో బస్తీకి పోతుంది. కుదుపులకు గ్లాండు వదులు కాకుండా కట్టడం గోడకు బిగించినంత తేలిక కాదు.

ఇక సిసలైన కోపం నకిలీ సరుకు మీద. డబ్బా మీద ఐపీ67 అని అచ్చేసి అమ్ముతున్నారు. ఐఈసీ 60529 ప్రమాణం ప్రకారం నీటికి సంబంధించిన ఆ 7 అర్థం మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా హాని కలగదని. అదే చోట 5 ఉంటే రెండున్నర, మూడు మీటర్ల దూరం నుంచి నిమిషానికి పన్నెండున్నర లీటర్ల నీటిధార మూడు నిమిషాలు కొట్టినా ఏమీ కాదని. మునకకు నిలిచింది ధారకు నిలుస్తుందన్న హామీ కూడా లేదు, రెండూ వేరువేరు పరీక్షలు. అసలు ఆ అంకె ఎంత నిజమైనదైనా, వైరు కోసం స్క్రూడ్రైవరు కాల్చి ప్లాస్టిక్‌కు బెజ్జం పొడిచిన క్షణానే అది ఉత్త అచ్చు అయిపోతుంది. ఇంకో మాయ ‘రెయిన్‌ప్రూఫ్’ ఎస్‌ఎంపీఎస్. పైన రేకు గొడుగు, అడుగంతా జాలీ. నిట్టనిలువునా పడే వాన మాత్రమే లోకంలో ఉంటే దానికి తిరుగులేదు. ఈదురుగాలితో అడ్డంగా కొట్టే శ్రావణమాసపు జల్లుకు అది తలుపు తీసిన ఇల్లే. వీటన్నిటికంటే చవక పద్ధతి ఇంకొకటుంది, ఐస్‌క్రీం డబ్బాలో కంట్రోలరు పడేసి, పాలిథిన్ కవరు చుట్టి, నల్లటేపు వేయడం. దాన్ని కట్టినవాడూ లైటింగు మేస్త్రీనే అనిపించుకుంటున్నాడు, అదే గేటుకు సగం రేటుకే వస్తున్నాడు, కమిటీ అతనికే పని ఇస్తోంది!

12 వోల్టులతో ఏమవుతుందిలే అనుకునేవాళ్లకు ఒక మాట. డబ్బాలోకి వచ్చేది 230 వోల్టులే. తడిసిన గేటు ఇనుప చట్రం, దాని కింద బురదలో చెప్పుల్లేని పిల్లలు. 2025 మే 18న చార్మినార్ పక్కనే గుల్జార్ హౌజ్ ఇంటి మంటల్లో 17 మంది చనిపోయారు. షార్ట్ సర్క్యూట్ కారణమని ప్రాథమికంగా చెప్పారు. అదే ఏడాది ఆగస్టులో రామంతాపూర్ కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు వైరు తగిలి అయిదుగురు పోయారు. ఇవి లైటింగు డబ్బాల వల్ల జరిగినవి కావు. కానీ ఈ ఇరుకు గల్లీల్లో కరెంటుకు ఎంత చిన్న సందు చాలునో అవి చెప్పకనే చెబుతున్నాయి. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న చట్రం, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, విద్యుత్ సంస్థ దగ్గర తీసుకున్న తాత్కాలిక కనెక్షన్, ఈ మూడూ లేని గేటు ఎంత అందంగా వెలిగినా దాన్ని మెచ్చుకోకూడదు. స్తంభానికి కొక్కెం తగిలించి వెలిగించిన దాన్నయితే అసలే మెచ్చుకోకూడదు.

కమిటీ పెద్దలు చేయాల్సింది కష్టమైన పనేమీ కాదు. గేటు ఎక్కించే ముందు, కరెంటు ఇవ్వకుండా, డబ్బాలో ఒక కాగితం రుమాలు పెట్టించి మూత బిగించాలి. పై నుంచీ పక్కల నుంచీ పైపుతో నీళ్లు కొట్టించి, తెరిచి చూడాలి. రుమాలు తడిస్తే ఆ డబ్బా వెనక్కి. ఎస్టిమేటులో బొమ్మకు, బల్బులకు ఉన్నట్టే డబ్బాకూ విడిగా ఒక లైను రాయించి, దాని మీద మాత్రం బేరమాడకూడదు. చందూలాల్ బారాదరిలో కులీ కుతుబ్ షా ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. పాతబస్తీ ఉస్తాదులను అక్కడికి గురువులుగా పిలిచి, బోనాలకు ముందు పదిహేను రోజుల తరగతి పెట్టించినా ఈ విద్య ఇంకో తరానికి అందుతుంది. నకిలీల పోటీకి విసిగి కొందరు ఉస్తాదులు ఇప్పటికే సీసీటీవీ పనికి మళ్లారు, వాళ్లను ముందు వెనక్కి పిలవాలి.