నివురు పట్టిన నిప్పు మీద కృష్ణ చేప

పాత పాలమూరు జిల్లాలో నిప్పుల మీద కాల్చిన మాంసం ఎక్కడ బాగుంటుందని అడిగితే, చాలామంది గద్వాలలోనో వనపర్తిలోనో బస్టాండు దగ్గరి తందూరీ సెంటర్ల వైపు చెయ్యి చూపిస్తారు. నేను చూపించేది నది దిక్కు. కాల్చిన కూడు రుచి హోటలు బోర్డులో ఉండదు. చేప ఎప్పుడు నీళ్లలోంచి బయటికొచ్చింది, యాట ఏ మేత మేసింది, పొయ్యిలో కాలుతున్నది ఏ కట్టె అన్నవాటిలో ఉంటుంది. ఈ మూడూ కూతవేటు దూరంలో దొరికే చోటు కృష్ణ ఒడ్డు. అందులోనూ సోమశిల.

కొల్లాపూర్ నుంచి పది కిలోమీటర్ల లోపే ఉంటుంది సోమశిల. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు పాత ఊరు నీళ్లలో కలిసింది, గుడిని మెట్టకు తరలించారు. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఆ మట్టానికి నీళ్లొచ్చిన ఏడు ఆవలి గట్టు దూరం జరుగుతుంది. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయాక ఎదుటి ఒడ్డున సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, పడవల మీద జనం పోయి వస్తారు. ఊళ్లు పోయాయి, పొలాలు పోయాయి, మిగిలింది చేప. బొచ్చె, రవ్వు, జెల్ల, వాలుగ, కొర్రమీను, ఎక్కడినుంచో వచ్చి స్థిరపడిన జిలేబి, అన్నీ ఈ నీళ్లలో ఉన్నాయి. స్థానిక బెస్తవాళ్లు పుట్టిలో వెళ్లి వల వేస్తారు. కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఒడ్డునే గుడిసెలు వేసుకున్న జాలరి కుటుంబాలూ ఉన్నాయి.

ఇప్పుడు ఒడ్డుకు వచ్చినవాళ్లకు ముందు కనిపించేది నూనె మూకుడు. ఎర్రరంగు కలిపిన పిండి పూసి, మసులుతున్న నూనెలో వేసి తీసిన ముక్క. తప్పు పట్టను, వేడిగా తింటే అదీ బాగానే ఉంటుంది. కానీ నూనెలో వేగిన చేప ఎక్కడైనా ఒకలాగే ఉంటుంది. నదినుంచి తీసిన గంటలో నిప్పు మీద కాలిన చేప మాత్రం ఆ నదిదే. దాని కోసం ఒకటి చెయ్యాలి, నోరు తెరిచి అడగాలి. "అక్కా, నూనెల వద్దు, నిప్పుల మీద కాల్చి ఇస్తవా?" అంటే కాల్చడం తెలిసిన చెయ్యి మళ్లీ పొయ్యి దగ్గరికి వస్తుంది.

కాల్చడంలో మొదటి విద్య మంట పెట్టడం కాదు, మంట తగ్గేదాకా ఆగడం. కట్టె మండుతున్నప్పుడు చేప పెడితే మసి పడుతుంది. తోలు మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. మంట చచ్చి, బొగ్గు ఎర్రబడి, పైన తెల్లటి నివురు పలచగా పట్టాక దొరికే సెగ నిలకడగా ఉంటుంది. నిప్పుకు జానెడు ఎత్తున అరచెయ్యి పట్టి చూడాలి. ఒకటి, రెండు అనేలోపే చెయ్యి లాగేసుకుంటే సెగ ఎక్కువ. మూడు, నాలుగు దాకా ఓర్చుకోగలిగితే చేపకు సరి. పది దాకా నిలిస్తే నిప్పు చల్లారుతోందన్నమాట, పక్కనున్న కొత్త బొగ్గు ఎగదోయాలి. తెలిసినవాళ్లు పొయ్యిని రెండు భాగాలు చేస్తారు. ఒకవైపు నిప్పు గుట్టగా, రెండోవైపు పలచగా. తోలు బిగిసేదాకా గుట్ట మీద, లోపల ఉడికేదాకా పలచటి వైపు.

కట్టె విషయానికొస్తే, చింత బొగ్గుకు సాటి లేదు. ఎక్కువసేపు నిలుస్తుంది, సెగ ఎక్కువ, చిటపటలు తక్కువ. నల్లతుమ్మ దాని తర్వాతది. వేపకట్టె మాత్రం వద్దు, పొగ చేదు మాంసానికి అంటుతుంది. ఇక ఈ నేలంతా ఆక్రమించి చెరువు శిఖాల్లో, బీళ్లలో రైతును ఏడిపించే సర్కారు తుమ్మ ఉంది కదా, దానికి అమెరికాలో గొప్ప పేరున్న చుట్టం ఉంది. టెక్సస్ రాష్ట్రంలో మాంసం కాల్చేవాళ్లు మెస్కీట్ అనే కట్టెను ఏరి కోరి వాడతారు. అది సర్కారు తుమ్మ జాతిదే. మన చెట్టూ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. దాని పచ్చి పొగ ఘాటు, చేపకు అస్సలు పనికిరాదు. బొగ్గుగా మారేదాకా కాల్చి, ఆ నిప్పునే వాడితే వేడిలో చింతకు దగ్గరగా వస్తుంది. దక్షిణ టెక్సస్‌లోనూ మెస్కీట్‌ను అలాగే నిప్పులుగా చేసి వాడతారు. పొలం మీద శాపంలా పడిన చెట్టు పొయ్యిలో వరమవుతుందన్నది మనవాళ్లు ఇంకా పూర్తిగా వాడుకోని సంగతి.

పొగ వాసన ఎందుకు అంత ఇష్టంగా ఉంటుందో కూడా చెప్పుకోవాలి. కట్టెలోని లిగ్నిన్ అనే పదార్థం వేడికి విరిగి సువాసన ద్రవ్యాలుగా మారుతుంది. మాంసం పైపొర 140 డిగ్రీలు దాటాక అందులోని చక్కెరలూ ప్రొటీన్లూ కలిసి గోధుమ రంగునూ కొత్త రుచినీ పుట్టిస్తాయి. నీళ్లలో ఉడికించిన కూరకు ఈ రుచి రాదు, నీళ్లు 100 డిగ్రీలు దాటవు కాబట్టి. పైతడి ఆరకపోతే నిప్పు మీదా రాదు. అందుకే చేపకు ఉప్పు పట్టించి, ఊరిన నీటిని గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే కారం రాయాలి. ఈ చిన్న పని మానేసినవాళ్ల చేప కాలదు, ఆవిరికి ఉడుకుతుంది.

ఏ చేప కాల్చాలి? నా ఓటు కొర్రమీనుకే. తెలంగాణ దాన్ని 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించింది. గాలి పీల్చగల చేప కాబట్టి నీళ్లలోంచి తీసినా గంటల తరబడి బతికే ఉంటుంది. కళ్లముందు కదులుతున్న చేపను కొనుక్కోవచ్చు, తాజాదనానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ముళ్లు తక్కువ, కండ గట్టి, ఇనుప ఊచకు గుచ్చినా విరిగి నిప్పులో పడదు. ఒంటి మీది జిగురు పోవడానికి బూడిద, రాళ్ల ఉప్పు వేసి బండ మీద రుద్దుతారు. ఈ పని ఓపిగ్గా చేసే చెయ్యి కనిపించిందంటే అక్కడ కూర్చోవచ్చు.

బొచ్చె, రవ్వులతో చిక్కు వేరు. కండ మధ్యలో చీలిన సన్నముళ్లుంటాయి. చేపకు రెండు వైపులా వేలెడు ఎడంతో లోతుగా గాట్లు పెట్టాలి. ముళ్లు తెగుతాయి, కారం లోపలికి పోతుంది, సెగ సమంగా అందుతుంది. అడుగున మేసే చేపలకు ఒక్కోసారి బురద వాసన ఉంటుంది. దానికి కారణమైన పదార్థాన్ని పులుపు విరగ్గొడుతుంది. నిమ్మరసమో, పలచటి చింతపండు రసమో పట్టించి కాసేపు ఉంచి కడిగేయమని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే. గంటల కొద్దీ నానబెడితే మాత్రం పులుపే చేపను వండేస్తుంది, కండ పిండిపిండిగా అయిపోతుంది.

ఇక కారం. ఉప్పు, పసుపు, మిరపపొడి, దంచిన అల్లం ఎల్లిగడ్డ, కొంచెం ధనియాల పొడి, అంతే. గరం మసాలా వేసిన చోట చేప మీద నమ్మకం లేదని అర్థం. కిలో చేప పాతిక నిమిషాల్లో కాలుతుంది, అరకిలోది పదిహేను నిమిషాలకే. వెన్నెముక దగ్గర కండను వేలితో నొక్కితే పొరలుగా విడిపోవాలి. విడిపోయాక నిప్పు మీద ఉంచిన ప్రతి నిమిషం నష్టమే. టెక్సస్‌లో ఆవు రొమ్ము మాంసాన్ని పది పన్నెండు గంటలు పొగలో ఉంచుతారు, ఎందుకంటే ఆ కండను పట్టి ఉంచే గట్టి పీచు కరగడానికి అంత సేపు కావాలి. చేపలో ఆ పీచు చాలా కొద్ది. ఆ నిదానం ఇక్కడ పనికిరాదు.

పొలుసుతోనే కాల్చే పద్ధతి ఇంకొకటి ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. పేగులు తీసి, కడుపులో ఉప్పూ పచ్చిమిర్చీ కూరి, పొలుసు గీకకుండా నేరుగా నిప్పుల మీద పెట్టడమే. పొలుసు నల్లగా మాడి గట్టి పెంకు కడుతుంది. దాన్ని ఒలిస్తే లోపలి కండ తన నీటిలో తానే ఉడికి తెల్లగా ఉంటుంది. గిన్నె లేదు, నూనె లేదు. ఒడ్డున వల ఆరేసుకుని ఆకలికి వండుకునేవాళ్ల వంట ఇది.

ఈ వంట కొత్తదేమీ కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో 'మానసోల్లాసం' రాశాడు. పాలమూరు నేల అప్పుడు ఆ రాజ్యంలోదే. ఆ సంస్కృత గ్రంథంలో వంటకు ఒక ప్రకరణం, చేపలు పట్టే వినోదానికి ఇంకొకటి ఉన్నాయి. మాంసాన్ని ఊచలకు గుచ్చి నిప్పుల మీద కాల్చడం, కార్జాన్ని ముక్కలు చేసి కాల్చడం అందులో ఉన్నాయి. అంటే తందూరు పొయ్యిలూ కబాబు దుకాణాలూ ఈ ప్రాంతానికి రాకముందే ఊచా నిప్పూ ఇక్కడ ఉన్నాయి.

ఆ కార్జం సంగతి పాలమూరు ఇళ్లలో పుట్టినవాళ్లెవరికీ చెప్పనక్కర్లేదు. పండగకో దేవర మొక్కుకో యాటను కోసిన పూట, కూర పొయ్యి ఎక్కకముందే కార్జం ముక్క నిప్పుల్లోకి పోతుంది. ఉప్పూ కారం అద్ది పిల్లల చేతిలో పెడతారు. ముక్క పెద్దదిగా ఉండాలి, పైపొర ఒలిచి ఉండాలి, మధ్యలో ఇంకా మెత్తదనం ఉండగానే తీసెయ్యాలి. ఉప్పు ముందే రాస్తే నీరు వదిలి గట్టిపడుతుంది కాబట్టి తీశాకే చల్లాలి. ఏ హోటలూ ఇంతవరకూ దీన్ని సరిగ్గా చేయలేకపోయింది, అప్పుడే కోసిన కార్జం వాళ్ల దగ్గర ఉండదు గనక.

తలకాయ, కాళ్లు కాల్చడమూ ఈ విద్యలో భాగమే. బొచ్చు పోవడానికే కాలుస్తారనుకుంటే పొరపాటు. కట్టెమంట మీద కమిలిన తోలు రుచి పులుసులోకి దిగుతుంది. ఇప్పుడు చాలా దుకాణాల్లో గ్యాసు మంటతో నిమిషాల్లో కానిచ్చేస్తున్నారు. బొచ్చు పోతోంది, రుచీ దాంతో పోతోంది. శనివారం పెబ్బేరు సంతలో జీవాలు కొని, దక్కని గొర్రెనో మేకనో ఇంటికి తోలుకెళ్లేవాళ్లు ఇంకా కట్టెమంటే పెడుతున్నారు. రాళ్లగుట్టల మీద తిరిగి మేసిన జీవం కండ గట్టిగా ఉంటుంది. దాన్ని ఊచలకు గుచ్చే ముందు పచ్చి బొప్పాయి గుజ్జు కొద్దిగా పట్టించాలి, ఎక్కువసేపు ఉంచకూడదు. పెరుగు పట్టిస్తే ఇంకా నయం, నిదానంగా పనిచేస్తుంది కాబట్టి చెడగొట్టే భయం లేదు.

తునకల గురించి రాయకుండా ఈ వ్యాసం ముగిస్తే అన్యాయం. మాంసాన్ని పొడుగు పేలికలుగా కోసి, ఉప్పూ పసుపూ రాసి, దండెం మీద ఎండకు ఆరేసి దాచుకోవడం తెలంగాణ దళితవాడల విద్య. పనులు లేని రోజుల్లో ఒక పేలికను నిప్పుల మీద కాల్చి, రాయితో నలగ్గొట్టి, జొన్నరొట్టెలో పెట్టుకుంటే అది పూట భోజనం. దక్షిణాఫ్రికావాళ్లు బిల్టాంగ్ అని ఇలాంటి ఎండు మాంసాన్నే అందమైన పొట్లాల్లో అమ్ముతారు, మన పట్టణాల్లో దాన్ని గొప్పగా కొనుక్కునేవాళ్లున్నారు. పక్క వాడలోని తునకను మాత్రం వాసన పేరుతో, కులం పేరుతో ఈసడించారు. ఎండా ఉప్పూ నిప్పూ మాత్రమే వాడి మాంసాన్ని నెలల పాటు నిలిపిన ఈ విద్య నా లెక్కలో ఈ ప్రాంతపు వంటలన్నిటిలోకీ గొప్పది.

మాంసం తిననివాళ్లకు కూడా ఈ నిప్పు అన్యాయం చేయలేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్ చెలకల్లో పల్లికాయ పీకే రోజుల్లో చెట్టును చెట్టుగానే మంటలో వేసి కాలుస్తారు. పాలకంకి దశలో జొన్నను కాల్చి, అరచేతుల్లో నలిపి, ఊది తింటారు.

కూర్చుని తినాలనుకునేవాళ్లు గద్వాల వైపు జూరాలకు పోవచ్చు. ప్రాజెక్టు కిందనే చేపల పులుసు, జొన్నరొట్టె, వేయించిన చేప వరుసగా అమ్ముతారు. రాయచూరు, కర్నూలు, హైదరాబాద్ నుంచి ఆదివారాలు జనం కార్లలో వస్తారు. పులుసుకు జూరాల, కాల్చిన చేపకు సోమశిల, ఇది నా తీర్పు. కారణం జనమే. జూరాలలో గిరాకీ ఎక్కువ, పొయ్యి దగ్గర ఆగే తీరిక ఎవరికీ ఉండదు. సోమశిలలో ఆ తీరిక ఇంకా ఉంది. ఎన్నాళ్లుంటుందో మాత్రం భయమే. ఇక్కడి నుంచి సిద్ధేశ్వరం వైపు కృష్ణ మీద తీగల వంతెనకు 2022లో కేంద్రం ఆమోదం తెలిపింది. అది వచ్చాక ఈ ఒడ్డు జాతీయ రహదారి మజిలీ అవుతుంది.

అంతకన్నా పెద్ద భయం నీళ్లలో ఉంది. దోమతెర లాంటి సన్నకన్నుల అలివి వలలు చేతి వేలంత పిల్లలను కూడా ఊడ్చేస్తాయి. వాటిని నిషేధించారు, అయినా వాడకం ఆగలేదు. వానలు మొదలై కొత్తనీరు వచ్చే రోజుల్లో చేప గుడ్లు పెడుతుంది, అప్పుడూ వల ఆగకపోతే మరుసటి ఏడు పుట్టి ఖాళీగా తిరిగొస్తుంది. ప్రభుత్వం ఏటా వదిలే చేపపిల్లలు పెరిగేలోపే పోతే ఎవరికి లాభం?

సోమశిల పోయేవాళ్లకు ఒకటే విన్నపం. జానెడు కన్నా చిన్న చేపను ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. తొలకరి రోజుల్లో గుడ్లతో ఉన్న చేపను అడగకండి. పెద్ద చేపను కళ్లముందు తూకం వేయించుకుని, రంగు వద్దని, నూనె వద్దని చెప్పి, నిప్పు తగ్గేదాకా ఆ పొయ్యి దగ్గరే కూర్చోండి. కాల్చిన చెయ్యికి అడిగిన దానికన్నా పది రూపాయలు ఎక్కువే ఇవ్వండి.