బాణం వదలకముందు

మిర్రర్‌లెస్ కెమెరా అంటే, లెన్సు గుండా వచ్చిన కాంతిని అద్దంతో పైకి మళ్లించే పాత ఏర్పాటును తీసివేసి, సెన్సర్ మీద పడిన దృశ్యాన్నే చిన్న ఎలక్ట్రానిక్ తెర మీద కంటికి చూపే కెమెరా. వీటిలో 45 మెగాపిక్సెళ్లకు మించినవి, అంటే ఒక్కో ఫొటోలో నాలుగున్నర కోట్లకు పైగా చుక్కలను నమోదు చేసేవి, ఆటల ఫొటోలకు ఎంతవరకు పనికివస్తాయో తేల్చడానికి విలువిద్యను మించిన పరీక్ష లేదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ విజయవాడ అమ్మాయే కనుక, ఆ పరీక్ష ఈ ఊరికి సొంతమైనది కూడా.

సురేఖ పోటీపడే కాంపౌండ్ విభాగంలో, అంటే కొసలకు కప్పీలు అమర్చిన విల్లుతో ఆడే విభాగంలో, గురి 50 మీటర్ల దూరాన ఉంటుంది. బాణం సెకనుకు 90 మీటర్ల వేగంతో పోతుందనుకుంటే, సెకనుకు 30 ఫొటోలు తీసే కెమెరా సైతం ఒక ఫొటోకూ మరుసటి ఫొటోకూ నడుమ దానిని 3 మీటర్లు జారవిడుస్తుంది. పైగా చాలా కెమెరాల్లో ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్ వరుసలన్నిటినీ ఒకేసారి కాక ఒకదాని తరవాత ఒకటిగా చదువుతుంది. ఆ చదువు నెమ్మదిగా సాగితే, చక్కని బాణమూ ఫొటోలో వంకరపోతుంది. 2021లో వచ్చిన సోనీ ఆల్ఫా 1, నికాన్ జడ్9 కెమెరాల్లో సెన్సర్ వెనుకనే వేగంగా పనిచేసే సర్క్యూట్లను పొరగా పేర్చి ఈ చదువును ఎంతో వేగవంతం చేశారు కాబట్టి, విలుకాడి ఏకాగ్రతను చెదరగొట్టే షట్టర్ చప్పుడు లేకుండానే, వంకర తక్కువగా ఫొటో తీయడం సాధ్యమైంది.

ఎక్కువ పిక్సెళ్ల మొదటి లాభం కత్తిరింపుకు దొరికే వెసులుబాటు. కృష్ణా డెల్టా ఊళ్లలో జరిగే ఎడ్ల బండలాగుడు పోటీల్లో ఫొటోగ్రాఫర్ హద్దుగీత దాటి ముందుకు పోలేడు. అయినా 50 మెగాపిక్సెళ్ల ఫొటోలో పొడవునూ వెడల్పునూ సగానికి కోసినా 12.5 మెగాపిక్సెళ్లు మిగులుతాయి, అవి పత్రిక పేజీకి చాలు. అయితే ఈ సంపద తప్పును దాచదు, పెద్దది చేసి చూపుతుంది: చేయి కాస్త వణికినా, ఫోకస్ కంటి మీద నుంచి చెవి మీదికి జరిగినా తెలిసిపోతుంది; ఎండకాలపు మధ్యాహ్నం మైదానం మీద ఎండమావులు ఆడుతుంటే, దూరపు లెన్సు ఆ అలలనే అంత స్పష్టంగానూ పట్టి ఇస్తుంది. అందుకే ఉదయం పూట, వీలైనంత దగ్గరగా నిలవడం ఏ కెమెరాకైనా అవసరం.

ఇన్ని చుక్కలు నిజంగా సార్థకమయ్యేది వేగంలో కాదు, వేగానికి ముందుండే నిశ్చలతలో. నారి పూర్తిగా లాగి, అది ముఖాన్ని తాకే చోట విలుకత్తె నిలిచే ఆ కొన్ని సెకన్లలో కనురెప్పలు, నారి పోగులు, వేళ్ల మీది బిగువు అన్నీ ఫొటోలో నిలుస్తాయి. బండ కదలడానికి ముందు మోకు బిగిసి ఎడ్ల మెడనరాలు పొంగే క్షణమూ అటువంటిదే. ఆ క్షణం ఎప్పుడు వస్తుందో కెమెరా చెప్పలేదు. ఆటను ఏళ్ల తరబడి ప్రేమతో చూసిన కన్నే చెప్పగలదు.