గొట్టం పట్టిన చెయ్యి

మా మైపాడు, ఇందుకూరుపేట వైపు ఇసుక నేల. చాలాచోట్ల నిలువెత్తు తవ్వకముందే నీళ్లు ఊరతాయి. అలాంటిచోట సెప్టిక్ ట్యాంకు చెడితే పక్కనున్న బోరింగు నీళ్లూ చెడతాయి. అందుకే మా ట్యాంకు ఖాళీ చెయ్యడానికి ట్రాక్టరు ట్యాంకరుతో వచ్చే అన్న పనితనం దగ్గరుండి చూస్తాను.

మూత తీసి కాసేపు గాలాడనిస్తాడు. బీడీ వెలిగించబోయినవాళ్లను దూరం పంపుతాడు. లోపలుండేది మండే గ్యాసు. గట్టిపడిన మడ్డిని నీళ్లు కొట్టి కదిలించి గొట్టంతో లాగుతాడు. అడుగున కొంచెం వదిలేస్తాడు, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి గనుక. కార్తీకం వానల్లో మొత్తం ఖాళీ చెయ్యమంటే ఒప్పుకోడు. చుట్టూ ఊరిన నీరు ఖాళీ ట్యాంకును పైకి లేపేస్తుందని అతనికి తెలుసు.

రెండు మూడేళ్లకోసారి పిలిస్తే ట్రిప్పు కిరాయితో పోతుంది. పొంగేదాకా ఆగితే ఇంకుడు గుంత పూడిపోయి కొత్తది తవ్వుకోవాలి. అయినా ఆ కిరాయి దగ్గరే బేరాలు! నాకు కోపమొస్తుంది.

రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడాన్ని 2013లో వచ్చిన చట్టం నిషేధించింది. మురుగు పనిలో ప్రాణం పోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మా అన్న దిగడు, ఎవర్నీ దిగనివ్వడు. మూత అంచుకు సిమెంటు మెత్తి, గొట్టం చుట్టి, సబ్బు అడుగుతాడు. ఆనక మా అరుగుమీద కూర్చుని కాఫీ తాగుతాడు.