ఆ పిస్టన్ ఏ లారీది?

కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడపకు పోయే దారిలో పాత ఇనుప సామాన్ల కొట్లకు కొదవలేదు. బేతంచెర్ల బండలు, కడప బండలు, సిమెంటు మోసిన లారీలు చివరికి చేరేది వాటిలోకే. అలాంటి కుప్పలో ఒక కనెక్టింగ్ రాడ్డు, దాని కొసన గ్రీజు గట్టిపడిన పిస్టన్ దొరికాయనుకుందాం. "యా బండిదిన్నా ఇది?" అని అడిగితే కొట్టు యజమాని "పాత బెంజిది సామీ" అనేస్తాడు.

ఆ మాటకు ఆధారం లేకపోలేదు. జంషెడ్‌పూర్‌లో రైలింజన్ల కోసం 1945లో పుట్టిన టాటాల టెల్కో, 1954లో డైమ్లర్-బెంజ్‌తో చేయి కలిపి లారీలు మొదలుపెట్టింది. 1969లో ఆ ఒప్పందం ముగిసేదాకా టాటా లారీ ముందు బెంజి నక్షత్రమే మెరిసింది. కానీ ఆ కాలంలో ఎన్నూరు లేలాండ్ కామెట్లూ, బొంబాయి ప్రీమియర్ వాళ్ల డాడ్జి, ఫార్గోలూ తిరిగాయి. మద్రాసు సింప్సన్ పెర్కిన్స్ ఇంజన్లు తయారుచేసింది. అందుకే పేరు పెట్టే ముందు కొలవాలి.

వెర్నియర్ కాలిపర్‌తో పిస్టన్ అడ్డకొలత తీస్తే సగం సంగతి తేలుతుంది. బెంజి ఓఎం 312 ఇంజన్ బోరు 90 మిల్లీమీటర్లు. తర్వాత వచ్చిన టాటా ఇంజన్లయితే పేరులోనే కొలత చెప్పేస్తాయి: 692 అంటే 6 సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు, 697 అంటే 97. చిక్కల్లా పెర్కిన్స్ పీ6తోనే. దాని బోరు మూడున్నర అంగుళాలు, అంటే 88.9 మిల్లీమీటర్లు. అరిగిన సిలిండర్‌ను బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేసి ఉంటే అది 90 దగ్గరికి వచ్చేస్తుంది. పిస్టన్ నెత్తిన మసి గీకితే ఓవర్‌సైజు గుర్తు కనిపించవచ్చు. అది చూడకుండా తీర్పు చెప్పడం తొందరపాటే.

అప్పుడు రాడ్డు బోల్టును అడగాలి. జర్మన్ బండి మిల్లీమీటర్ల లెక్క, పాత బ్రిటిష్ బండి అంగుళాల లెక్క. అర అంగుళం బోల్టు బీఎస్ఎఫ్ అయితే అంగుళానికి 16 మరలు, యూఎన్ఎఫ్ అయితే 20. బీఎస్ఎఫ్ చేరే విట్‌వర్త్ కుటుంబపు మర కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌ది 60. కంటికి ఆనని ఈ తేడాను లేత్ పనివాడి త్రెడ్ గేజి ఇట్టే పట్టేస్తుంది. తుప్పు వదిలించడానికి బోల్టుకు సానరాయి పెట్టకముందే ఆయన దగ్గరికి తీసుకెళ్లడం మంచిది.

ఇక అంకెలు. కిరసనాయిల్లో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో తోమి, ఆరాక సుద్ద రుద్దితే పోత అక్షరాలు తెల్లగా లేస్తాయి. ఈ సీమలో కోస్తా ఉప్పుగాలి లేదు కాబట్టి అవి చాలాకాలం నిలుస్తాయి. బెంజి పార్టు నంబరులో మొదటి మూడంకెలు మోడల్‌వి, తర్వాతి రెండు వర్గానివి: 03 క్రాంకు, రాడ్డు, పిస్టన్, 33 ముందు యాక్సిల్, 42 బ్రేకులు, 46 స్టీరింగ్. కాబట్టి 312 వెనకాలే 03 కనిపిస్తే కొట్టు యజమాని మాటే నిజం. డీజిల్ పంపు మీద మైకో అని ఉందంటే మాత్రం అది పంపు చేసినవాళ్ల పేరే, లారీది కాదు.

రాడ్డు మీదా, దాని అడుగు క్యాప్ మీదా పంచ్‌తో కొట్టిన 4 లాంటి ఒంటి అంకెను పార్టు నంబరనుకుని చాలామంది వెతుకుతారు. అది సిలిండర్ వరస. రాడ్డునూ క్యాప్‌నూ కలిపి బిగించి ఒకేసారి బోరు చేస్తారు కాబట్టి ఒకదాని క్యాప్ ఇంకోదానికి సరిపడదు. కాటాకు ఎక్కించేటప్పుడు క్యాప్ ఊడదీసి వేరే కుప్పలో వేస్తే, పాత లారీని నిలబెట్టాలని తిరిగేవాడికి ఆ రాడ్డు దొరికినా ఉపయోగం లేదు. రెండూ బోల్టు బిగించే ఉంచమని కొట్టు యజమానికి ముందే చెప్పాలి.